మూడు వారాలకో బిల్లు

వైద్యం ఖర్చు అనగానే మన ఊళ్లలో అందరికీ ఒకే రకం కథ గుర్తొస్తుంది. గుండె ఆపరేషనో, కిడ్నీ మార్పిడో, రోడ్డు ప్రమాదమో. ఉన్నట్టుండి లక్షలు కావాలి. పొలం అమ్ముతారు, బంగారం కుదువ పెడతారు, ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెడతారు, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని నగరానికి పరుగెత్తుతారు. ఆరు నెలలకో ఏడాదికో ఆ కథ ఒక కొలిక్కి వస్తుంది. మనిషి కోలుకుంటాడు, అప్పు మిగులుతుంది, మెల్లగా అదీ తీరుతుంది. మన పథకాలూ, బీమా పాలసీలూ, బంధువుల చేబదుళ్లూ, చివరికి మన జాలి కూడా ఈ కథకు తగినట్టే తయారయ్యాయి.

పుట్టుకతో వచ్చే జన్యుజబ్బు దగ్గర ఈ ఏర్పాటంతా తప్పిపోతుంది. అక్కడ ఒక్కసారి పెద్ద మొత్తం అడగరు. నెలనెలా అడుగుతారు, బతికినంత కాలం అడుగుతారు. ఒక్కో నెల బిల్లు చూస్తే భరించలేనంత పెద్దది కాకపోవచ్చు, అందుకే అది ఎవరి కంటా పడదు. పదేళ్లు తిరిగేసరికి ఆ కుటుంబానికి ఉన్న పొలమూ, తల్లి ఉద్యోగమూ, పెద్దపిల్ల చదువూ ఒకదాని వెంట ఒకటి కరిగిపోయి ఉంటాయి. ఫలానా రోజున ఫలానా ఖర్చు వల్ల ఇలా అయిందని చెప్పడానికి కూడా ఉండదు.

ఈ మాట నిరూపించడానికి, ఒంట్లో సరిపడా రక్తం తయారుకాని జబ్బు థలసీమియాను మించిన ఉదాహరణ లేదు. దేశంలో ఏటా పదివేల మందికి పైగా పిల్లలు థలసీమియా మేజర్‌తో పుడుతున్నారని కేంద్ర ఆరోగ్యశాఖ అంచనా. తల్లికీ తండ్రికీ చెరొక లోపమున్న జన్యువు ఉంటుంది. వాళ్లకు ఏ బాధా ఉండదు, మహా అయితే కాస్త రక్తం తక్కువ అంటారు. వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ ఆ రెండు జన్యువులూ కలిసి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక పాలిపోవడం, పొట్ట ఉబ్బడం, పాలు తాగకపోవడం మొదలవుతాయి. పేరు తెలిసేలోపు నాలుగైదు ఆసుపత్రులు తిరుగుతారు. మొదటి అప్పు అక్కడే పుడుతుంది.

పేరు తెలిశాక ఒక గడియారం నడవడం మొదలవుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ గడువు దాటితే హెచ్‌బీ పడిపోతుంది, పిల్ల బడికి కాదు కదా, గడప దాటలేదు. చిన్నప్పుడు ఒక యూనిట్ సరిపోతుంది, పెద్దయ్యేకొద్దీ రెండు కావాలి. ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి వెళ్తుంది. మన శరీరం తనంతట తాను రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును వదిలించుకోలేదు. మిగిలిందంతా గుండెలో, కాలేయంలో, హార్మోన్లు తయారుచేసే గ్రంథుల్లో పేరుకుంటుంది. సరిగ్గా రక్తం ఎక్కించుకుంటూ కూడా ఇరవైల్లో గుండె ఆగి చనిపోయిన పిల్లలు ఒకప్పుడు ఎందరో ఉండేవారు. వాళ్లను చంపింది ఈ ఇనుమే.

దాన్ని బయటికి పంపడానికి మొదట్లో ఒక్క డెస్‌ఫెరాల్ ఇంజెక్షనే ఉండేది. చిన్న పంపుకు తగిలించి, పొట్ట చర్మం కింద సూది గుచ్చి, రాత్రంతా, వారంలో ఐదారు రాత్రులు ఎక్కించాలి. పంపు కొనాలి, సూదులు కొనాలి, మందు కొనాలి. 1990ల మధ్యలో డెఫెరిప్రోన్ అనే మాత్రకు మన దేశంలో అనుమతి వచ్చింది. 2005 తర్వాత డెఫెరాసిరాక్స్ వచ్చింది, ఆ తర్వాత భారతీయ కంపెనీలు దాన్ని చేయడంతో ధర బాగా దిగింది. ఈ మాత్రలే ఈ పిల్లల ఆయుష్షును నలభైలకూ యాభైలకూ తీసుకెళ్లాయి. కానీ మాత్ర మోతాదు బరువును బట్టి ఉంటుంది. డెఫెరాసిరాక్స్ అయితే కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున 20 కిలోల పిల్లకు రోజుకు 600 మిల్లీగ్రాములు, అదే పిల్ల 40 కిలోలకు ఎదిగితే 1,200. ఏ తల్లికైనా బిడ్డ ఒళ్లు చేయడం సంతోషం. ఈ ఇంట్లో ప్రతి కిలోకూ మందుల చీటీ మీద అంకె పెరుగుతుంది. మాత్రలతో పాటు పరీక్షలూ వస్తాయి. డెఫెరిప్రోన్ వాడితే తెల్లకణాలు పడిపోతున్నాయేమో తరచూ చూసుకోవాలి. డెఫెరాసిరాక్స్ వాడితే కిడ్నీ, లివర్ పరీక్షలు. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష మూడు నెలలకోసారి. గుండెలో ఇనుము ఎంత ఉందో కొలిచే ప్రత్యేక ఎమ్మారై ఏడాదికోసారి. పదేళ్లు దాటాక ఎదుగుదల, థైరాయిడ్, షుగర్, ఎముకల పరీక్షలు.

"రక్తం ఉచితమే కదా" అని చాలామంది అంటారు. కాగితం మీద నిజమే. తరచూ రక్తం ఎక్కించుకోవాల్సిన థలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియా రోగుల దగ్గర డబ్బు తీసుకోవద్దని 2014 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మామూలు రోగులకైతే 2022లో సవరించిన లెక్క ప్రకారం యూనిట్ ఎర్రకణాలకు ప్రాసెసింగ్ ఖర్చు ప్రభుత్వ రక్తనిధుల్లో 1,100 రూపాయలు, ప్రైవేటులో 1,550 రూపాయలు మించకూడదు. కానీ ఆసుపత్రి వరండాల్లో ఇప్పటికీ వినిపించే మాట "డోనర్ను తెచ్చుకోండి" అనేదే. ఏడాదికి పద్దెనిమిది సార్లు ఏ అన్నను బతిమాలాలి, ఏ పక్కింటి అబ్బాయిని అడగాలి? అడిగిన ప్రతి మనిషికీ బస్సు ఛార్జీ, భోజనం, ఒకపూట పని నష్టం. మొహమాటానికి ఏ రసీదూ రాదు. రక్తం దొరికినా తెల్లకణాలను వడగట్టే ఫిల్టర్ చాలాచోట్ల బయట కొనుక్కోవాల్సిందే. అది లేకపోతే చలిజ్వరాలు వస్తాయి, ముందు ముందు ఒంటికి పడే రక్తం దొరకడమే కష్టమవుతుంది.

ఇక రక్తం ఎంత సురక్షితం అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. హెచ్‌ఐవీ, హెపటైటిస్ సోకిన తొలిరోజుల్లోనే పట్టుకునే న్యాట్ పరీక్ష మన దేశంలో తప్పనిసరి కాదు. చేసే చోట దానికి వేరే ఛార్జీ. 2025 అక్టోబరులో ఝార్ఖండ్‌లోని చైబాసాలో, రక్తం ఎక్కించుకుంటూ బతుకుతున్న ఐదుగురు థలసీమియా పిల్లలకు హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది. యూనిట్‌కు కాస్త పరీక్ష ఖర్చు మిగుల్చుకుని, ఆ పసివాళ్ల మీద ఇంకొక జీవితకాలపు జబ్బును వేశాం. దీన్ని పొదుపు అనడానికి నాకు నోరు రాదు.

పై ఖర్చులన్నీ ఏదో ఒక బిల్లులో కనిపించేవి. బిల్లుల్లో లేని ఖర్చు వీటికంటే పెద్దదని నా నమ్మకం. ఇరవై రోజులకోసారి రక్తం అంటే ఏడాదికి పద్దెనిమిది సార్లు. ముందురోజు క్రాస్‌మ్యాచింగ్‌కు శాంపిల్ ఇవ్వడం, మర్నాడు ఎక్కించుకోవడం అయితే ఏడాదికి ముప్పై ఆరు రోజులు. ఆ రోజులన్నీ పిల్లతో పాటు ఒక పెద్దమనిషి ఉండాలి. రోజుకూలీకి ముప్పై ఆరు రోజుల కూలి పోవడమంటే ఏడాదిలో పదోవంతు ఆదాయం పోవడం. ప్రైవేటు ఉద్యోగికైతే ఉన్న సెలవులన్నీ అయిపోయి జీతంలో కోత పడడం. పాడేరు కొండల మీద నుంచి విశాఖపట్నం రావాల్సిన వాళ్లకూ, ఉట్నూరు ఏజెన్సీ నుంచి ఆదిలాబాద్ రావాల్సిన వాళ్లకూ దారి ఖర్చు, రాత్రి బస, బయట తిండి అదనం. చివరికి ఇద్దరిలో ఒకరు పని మానేయాల్సి వస్తుంది. చాలా ఇళ్లలో మానేసేది తల్లే. ఆమె మానేసిన రోజు నుంచి ఇరవై ఏళ్లకు ఆమె సంపాదించగలిగేది ఎంతో ఏ ప్రభుత్వ లెక్కల్లోనూ లేదు. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్యవ్యయంలో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెడుతున్నదే. ఆ 39.4లో ఈ పోయిన కూలి లేదు, ఈ మానేసిన ఉద్యోగం లేదు.

అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇస్తున్న ఒక సాయాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2020 నుంచి థలసీమియా వంటి జబ్బులున్న వాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ప్రభుత్వం మారాకా అది ఎన్టీఆర్ భరోసాలో కొనసాగుతోంది. జబ్బు నెలనెలా అడుగుతుంది, సాయం కూడా నెలనెలా వస్తుంది. ఆ డబ్బుతో బస్సెక్కుతారా, మాత్రలు కొంటారా, పోయిన కూలి పూడ్చుకుంటారా అన్నది ఆ ఇంటికే తెలుసు, ఆ ఇల్లే తేల్చుకుంటుంది. నేను చూసిన పథకాల్లో ఈ జబ్బుల స్వభావాన్ని అర్థం చేసుకున్నది ఇదొక్కటే అనిపిస్తుంది. లోటు లేదని కాదు. వైద్యుల బోర్డు సర్టిఫికెట్ కోసం తిరగడం, స్లాట్ కోసం ఎదురుచూడడం ఉంటాయి. రక్తం ఎక్కించిన వారానికి వెళ్తే పిల్ల ఎర్రగా, బాగానే కనిపిస్తుంది. "ఏం జబ్బుందమ్మా ఈ పిల్లకి?" అని అడిగే వాళ్లకు తల్లి మొదటినుంచీ చెప్పుకురావాలి. పుట్టుకతో వచ్చి చచ్చేదాకా ఉండే జబ్బుకు మళ్లీ మళ్లీ రుజువు అడగడంలో అర్థం లేదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పునాది వేరు. అది ప్యాకేజీల మీద నడుస్తుంది. ఆసుపత్రిలో చేరాలి, ప్యాకేజీ ఉండాలి, అప్రూవల్ రావాలి, డిశ్చార్జ్ కావాలి. గుండె కవాటానికీ క్యాన్సర్ ఆపరేషన్‌కీ ఆ పద్ధతి ఎన్నో ప్రాణాలు నిలిపింది. తెలంగాణలో పరిమితి 10 లక్షలకు, ఆంధ్రలో 25 లక్షలకు పెరిగింది కూడా. అయితే రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్రకు ఏ డిశ్చార్జ్ ఉంటుంది? పరిమితి ఎంత పెంచినా, ఆసుపత్రిలో చేరితేనే వచ్చే సాయం ఇంట్లో రోజూ వేసుకునే మందుకు అందదు. ఈ పిల్లలకు పాతిక లక్షల హామీ కంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా తప్పకుండా దొరికే మాత్రల సీసా ఎక్కువ.

హైదరాబాద్ శివరాంపల్లిలో ఉన్న, 1998లో మొదలైన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఈ విషయాన్ని ప్రభుత్వాల కంటే ముందే గ్రహించింది. తల్లిదండ్రులూ డాక్టర్లూ దాతలూ కలిసి పెట్టుకున్న సంస్థ అది. సొంత రక్తనిధి, పరీక్షలు, డాక్టరు సలహా, రక్తం ఎక్కించడం అన్నీ ఒకే కప్పు కింద జరుగుతాయి. రెండు రోజుల పని ఒక రోజులో అయితే ఏటా పద్దెనిమిది రోజుల కూలి నిలుస్తుంది. ఇటువంటి కేంద్రం ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఎందుకు ఉండకూడదన్నది నాకు జవాబు దొరకని ప్రశ్న.

శాశ్వతంగా బయటపడే దారి బోన్ మ్యారో మార్పిడి. వేలూరు సీఎంసీలో 1986లోనే థలసీమియా బిడ్డకు ఇది చేశారు. సొంత అన్నదమ్ముల్లో అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరి మజ్జ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఖర్చు పది లక్షలు దాటుతుంది. కోల్ ఇండియా 2017లో మొదలుపెట్టిన థలసీమియా బాల సేవా యోజన కింద ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఒక్కో బిడ్డకు 10 లక్షల వరకూ ఇస్తున్నారు. ఇది మంచి పథకం, తెలుగు తల్లిదండ్రుల్లో దీని గురించి తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అయితే మార్పిడి తర్వాత కొన్ని నెలలు ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని ఉండాలి, ఇన్ఫెక్షన్ రాకుండా మందులు వాడాలి, తండ్రి పనికి పోలేడు. ఇంకో సంగతి. చిన్న వయసులో, కాలేయం పాడవకముందు చేస్తేనే ఫలితం బాగుంటుంది. అంటే అప్పటిదాకా ఇనుము తీసే మాత్రలు సరిగ్గా వాడి ఉండాలి. నెలనెలా మాత్రలు కొనలేని కుటుంబం, పది లక్షల సాయం చేతికొచ్చే వేళకు అర్హతే కోల్పోతుంది.

ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు సంగతి కొంచెం వేరు. మన్యంలో, ఆదిలాబాద్ గిరిజన గూడేల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా ఖరీదైన మందు కాదు. ఇక్కడ భారమంతా మందు అందకపోవడంలో ఉంది. మందు ఆగితే ఒళ్లంతా ఎముకలు విరిచినట్టు నొప్పులు వస్తాయి, వారాల తరబడి మంచం పట్టాలి. పోడు పనుల కాలంలో వారం మంచాన పడితే ఆ ఏడాది పంటే పోతుంది. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ మిషన్ 17 రాష్ట్రాల్లో నలభై ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని పెట్టుకుంది. పరీక్షలు జరుగుతున్నాయి, కార్డులు ఇస్తున్నారు. కార్డు చేతికొచ్చిన మనిషికి ఆ తర్వాతి నెల మందు గూడెంలోనే అందిందా లేదా అన్నదాన్ని బట్టే ఈ మిషన్‌ను తూచాలి.

ఇప్పుడు రెండో కొసకు వెళ్దాం, ధరే ప్రాణాంతకమైన జబ్బుల దగ్గరికి. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ ఉన్న పసివాళ్లకు కండరాలు క్రమంగా చచ్చుబడతాయి. 2019లో అమెరికాలో అనుమతి పొందిన జోల్‌జెన్‌స్మా అనే ఒక్క డోసు మందు ధర 21 లక్షల డాలర్లు, అప్పటి మన లెక్కలో 16 కోట్ల రూపాయలు. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడి కోసం వేలమంది చందాలు వేసి ఆ 16 కోట్లూ సమకూర్చారు. ఆ దాతలకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఫోటో బాగా వచ్చిన బిడ్డకు, ఇంగ్లీషులో రాయగల తండ్రి ఉన్న బిడ్డకు, సెలబ్రిటీ కంటబడిన బిడ్డకు డబ్బు వస్తుంది. ఊరిపేరు కూడా ఎవరూ వినని చోట పుట్టిన బిడ్డకు రాదు. ప్రాణాలను అలా ఎంచుకునే పద్ధతిని వైద్యవిధానంగా ఏ ప్రభుత్వమూ ఒప్పుకోకూడదు.

2021 మార్చిలో కేంద్రం అరుదైన వ్యాధుల జాతీయ విధానం తెచ్చింది. మొదట కొన్ని జబ్బులకే 20 లక్షలన్నారు, 2022లో అన్ని వర్గాలకూ 50 లక్షల వరకూ పెంచారు. ఈ సాయం గుర్తించిన కేంద్రాల ద్వారా అందుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్‌తో కలిసి డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ఆ కేంద్రంగా ఉంది. 50 లక్షలంటే పెద్ద మొత్తమే. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీకే నోటితో తాగించే రిస్‌డిప్లామ్‌తో లెక్క వేసి చూద్దాం. సీసాలో 60 మిల్లీగ్రాములు ఉంటాయి. 20 కిలోలు దాటిన పిల్లకు రోజుకు 5 మిల్లీగ్రాములు, అంటే సీసా పన్నెండు రోజులకు. ఏడాదికి ముప్పై సీసాలు. రోష్ కంపెనీ మందు సీసా ప్రకటిత ధర 6 లక్షల పైమాటగా ఉండేది. ఆ ధర మీద 50 లక్షల సాయం ఎనిమిది సీసాలకు, మూడు నెలలకు సరిపోతుంది. ఈ మందు బతికినంత కాలం తాగాలి.

ఈ లెక్కను తలకిందులు చేసింది హైదరాబాద్ కంపెనీయే. నాట్కో ఫార్మా ఇదే మందును తయారుచేయబోతే పేటెంట్ పేరిట రోష్ కోర్టుకు వెళ్లింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు నాట్కోను ఆపడానికి ఒప్పుకోలేదు. అక్టోబరులో డివిజన్ బెంచ్ అప్పీలు కొట్టేసింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసాను 15,900 రూపాయలకు మార్కెట్లోకి తెచ్చింది. ముప్పై సీసాలకు 4 లక్షల 77 వేలు. అదే మందు, ఏడాది ఖర్చు కోటీ ఎనభై లక్షల నుంచి ఐదు లక్షల లోపుకు దిగింది. ఇది కూడా కూలి కుటుంబం మోయగలిగిన మొత్తం కాదు. కానీ ప్రభుత్వం మోయగలిగిన మొత్తం. పాత ధర మీద మూడు నెలలకే సరిపోయిన 50 లక్షలు ఇప్పుడు పదేళ్లకు వస్తాయి. జన్యుజబ్బుల భారం గురించి మాట్లాడేటప్పుడు సాయం ఎంత పెంచాలి అనే ముందు ధర ఎంత ఉండాలి అని అడగాలని ఈ ఒక్క కేసు నేర్పింది. 2025 సెప్టెంబరులో రిస్‌డిప్లామ్ సహా 33 మందుల మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు, మంచిదే. పన్ను తీసేస్తే దిగే ధర కొంచెం, పోటీ వస్తే దిగే ధర ఎంతో చూశాం కదా. సికిల్ సెల్‌కు 2023 చివర అమెరికాలో అనుమతి పొందిన కాస్‌జెవీ జన్యుచికిత్స ధర 22 లక్షల డాలర్లు. మన గూడేల్లో ఉన్న జబ్బుకు మందు అక్కడ దొరికింది, ఆ ధరకు అది ఇక్కడికి చేరదు. అటువంటి చికిత్సలను మన ప్రయోగశాలల్లోనే తయారుచేసుకోవడానికి పెట్టే రూపాయిని ఖర్చుగా చూడకూడదు.

బీమా దగ్గర పెద్దగా ఆగనవసరం లేదు, అక్కడ దొరికేది తక్కువ. జన్యుజబ్బు అన్న ఒక్క సాకుతో క్లెయిమును తోసిపుచ్చడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కొత్త పాలసీల్లో జన్యుజబ్బులను మినహాయింపుగా రాయవద్దని అదే ఏడాది బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఆదేశించింది. అయినా ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకూ వేచి ఉండే గడువు పెట్టుకోవచ్చు. ఆసుపత్రిలో చేరని మాత్రలకూ పరీక్షలకూ చాలా పాలసీలు పైసా ఇవ్వవు. ఆదాయపు పన్నులో థలసీమియా, హీమోఫిలియా వైద్యానికి 40,000 రూపాయల వరకూ మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. పన్ను కట్టేంత ఆదాయమే లేని వాళ్లకు దానితో పనేముంది?

నన్ను ఎక్కువ కలవరపెట్టేది పద్దెనిమిదేళ్లు నిండిన రోజు. మందులు మెరుగై పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. మన వ్యవస్థ మాత్రం వాళ్లను ఇంకా పిల్లల జబ్బుగానే చూస్తోంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్లతో ఆగిపోతుంది. పిల్లల వార్డు నుంచి పెద్దల వార్డుకు పంపుతారు, అక్కడ ఈ జబ్బు గురించి తెలిసిన డాక్టరు ఉండకపోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం థలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియాలను 21 వైకల్యాల్లో చేర్చింది. ఉన్నత విద్యలో రిజర్వేషన్ దారి తెరిచింది. అదే చట్టం ప్రభుత్వోద్యోగాల్లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌లో ఈ రక్తజబ్బులకు చోటివ్వలేదు. చదువుకో అని చెప్పి, ఉద్యోగం దగ్గర తలుపు మూసినట్టయింది. ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో "మూడు వారాలకోసారి నాకు సెలవు కావాలి" అని చెప్పుకోవాలా, దాచాలా అన్నది ప్రతి థలసీమియా యువతికీ యువకుడికీ తప్పని సంకటం. చెబితే ఉద్యోగం రాదు, దాస్తే నిలవదు. ఇరవై ఏళ్లపాటు తల్లిదండ్రులు అప్పులు చేసి బతికించుకున్న మనిషి తన మందు తాను కొనుక్కునేలా చేయగలిగితే, ఏ పింఛనూ దానికి సాటిరాదు. చట్టంలో ఆ నాలుగు శాతం జాబితాను సవరించడానికి ఖజానా నుంచి పైసా ఖర్చు కాదు.

చివరగా నివారణ. ఈ అంశాన్ని జాగ్రత్తగా మాట్లాడాలి. గర్భిణికి మొదటి మూడు నెలల్లోనే హెచ్‌బీఏ2 పరీక్ష చేస్తే ఆమె లోపమున్న జన్యువును మోసే థలసీమియా క్యారియరా కాదా తెలుస్తుంది. ఆమె క్యారియర్ అయితే భర్తకు చేయాలి. ఇద్దరూ అయితేనే ముప్పు. అప్పుడు పది పన్నెండు వారాలకు గర్భంలోని బిడ్డకు పరీక్ష చేయవచ్చు, ఆ తర్వాతి నిర్ణయం ఆ దంపతులది. ప్రైవేటు ల్యాబులో కూడా హెచ్‌బీఏ2 ఖర్చు వందల్లోనో, వెయ్యికి అటూ ఇటూగానో ఉంటుంది. సైప్రస్ ద్వీపం 1970ల్లోనే ఈ లెక్క వేసుకుంది. ఇలాగే సాగితే దేశం రక్తమూ మందుల బడ్జెట్టూ ఈ ఒక్క జబ్బుకే సరిపోతాయని తేలి, ఊరూరా పరీక్షలు పెట్టింది. 1980ల్లో పెళ్లికి ముందు పరీక్ష చేయించుకున్న పత్రం ఉండాలని అక్కడి చర్చి కూడా నియమం పెట్టింది. కొన్నేళ్లలో కొత్తగా థలసీమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. అలా ఆదా అయిన డబ్బుతో, అప్పటికే పుట్టిన వాళ్లకు మంచి వైద్యం ఇవ్వగలిగారు.

మేనరికాలు ఇంకా జరిగే మన ప్రాంతంలో ఈ పరీక్ష మరీ అవసరం. కానీ పెళ్లిచూపుల్లో దీన్ని అమ్మాయి తరఫు లోపంగా వాడుకునే ప్రమాదం ఉంది. క్యారియర్ కావడం జబ్బు కాదు. క్యారియర్ కానివాళ్లను చేసుకుంటే పుట్టే బిడ్డకు థలసీమియా మేజర్ రాదు. ఈ రెండు వాక్యాలూ ప్రతి ఇంటర్మీడియెట్ పాఠ్యపుస్తకంలో ఉండాలి. ఇంకొకటి: నివారణ పేరు చెప్పి, ఇప్పటికే ఈ జబ్బుతో బతుకుతున్న వాళ్ల ముందు "మీరు పుట్టకుండా ఉండాల్సింది" అన్నట్టు మాట్లాడే అధికారులూ ఉపన్యాసకులూ ఉన్నారు. ఆ మాట వినాల్సిన పని ఏ బిడ్డకూ లేదు.

ప్రభుత్వాలు చేయాల్సింది చేసేలోపు, ఈ వ్యాసం చదివిన వాళ్లు చేయగలిగినవి రెండున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా గర్భవతిగా ఉంటే మొదటి చెకప్‌లోనే హెచ్‌బీఏ2 రాయమని డాక్టరును అడగండి, ఆయన రాయకపోతే మీరే చేయించుకోండి. రెండోది, ఏప్రిల్, మే, జూన్ నెలల్లో రక్తం ఇవ్వండి. ఆ నెలల్లో కాలేజీలకు సెలవులు, శిబిరాలు జరగవు, రక్తనిధులు ఖాళీ అవుతాయి. థలసీమియా పిల్లలకు వేసవి సెలవులు లేవు, వాళ్ల గడువు ఎండాకాలంలో కూడా మూడు వారాలే.